జ్ఞాపకం పోయిన పిల్ల కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ నిన్న రాత్రే చదివేశాను. స్కూటీ మీద నుంచి పడ్డ ఇంటర్ పిల్ల, తలకు దెబ్బ, ఐసీయూ, కళ్ళు తెరవగానే "నేనెవర్ని? ఎక్కడున్నాను?", చివర్లో పాత పాట వినగానే అన్నీ గుర్తొచ్చేయడం. మొదలూ చివరా రెండూ తీసెయ్. సినిమాల్లో చూసి చూసి అదే నిజమనిపిస్తుంది గానీ, తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్ళు అలా ఒక్కసారిగా లేచి కూర్చోరు. రోజుల తరబడి మగతలో ఉంటారు, అడిగిందే అడుగుతారు, చెప్పింది కాసేపటికే మర్చిపోయి మళ్ళీ అడుగుతారు, ఊరికే విసుక్కుంటారు, సెలైన్ పైపు పీకేసుకుంటారు. మామూలుగా చెరిగిపోయేవి దెబ్బకు ముందటి రోజులు, చిన్ననాటివి నిలుస్తాయి. ఫ్రాన్స్‌లో రిబో అనే మనస్తత్వవేత్త ఈ సంగతి 1881లోనే రాశాడు. పేరుతో సహా అంతా పోవడం చాలా అరుదు. రాయొద్దని కాదు, కానీ రాస్తే ఆ డాక్టరైనా కథలో ఒకసారి ఆశ్చర్యపోవాలి.

అలా నిజంగా జరిగిన ఒక కుర్రాడి సంగతి చెప్తాను. ఇంగ్లండ్‌లో అలెక్స్ లూయిస్ అని, 1982లో, 18 ఏళ్ళప్పుడు మోటార్‌సైకిల్ ప్రమాదంలో పడ్డాడు. కోమాలోంచి బయటికొచ్చాక కవల సోదరుడు మార్కస్‌ని తప్ప ఎవర్నీ గుర్తుపట్టలేదు, కన్నతల్లిని కూడా. ఇక ఇల్లేది, స్నేహితులెవరు, చిన్నప్పుడు సెలవులకు ఎక్కడికెళ్ళేవాళ్ళం, అన్నీ మార్కసే చెప్పాడు. హాయిగా గడిచిన బాల్యం ఒకటి అల్లి ఇచ్చాడు. తల్లి పోయాక ఇల్లు సర్దుతుంటే దొరికిన ఒక ఫోటో చూసి అలెక్స్ అనుమానంతో అడిగితే అప్పుడు బయటపడింది, ఆ తల్లే వాళ్ళిద్దర్నీ చిన్నతనంలో లైంగికంగా హింసించిందని. ఆ రోజు మార్కస్ అవునని తలూపాడంతే. మిగతాది నోటితో చెప్పడానికి ఇరవై ఏళ్ళకు పైనే పట్టింది. తోబుట్టువుని కాపాడుకోవాలనే దాచాడు, అలా దాస్తే తను కూడా అది జరగనట్టే బతకొచ్చనీ.

నీ కథకు ప్రాణం ఇక్కడుంది. "నువ్వు ఫలానా" అని చెప్పేవాళ్ళ చేతిలో ఆ పిల్ల ఎంతగా ఉండిపోతుందో చూడు. నువ్వేమో అమ్మ చేత ఆల్బమ్ చూపించి ఏడిపించి వదిలేశావు. అమ్మ ఏం చెబుతుంది అసలు? "చిన్నప్పట్నించీ డాక్టర్‌నవుతాననేదానివి" అంటుంది. ప్రమాదానికి ముందు వారమంతా ఆ పిల్ల బైపీసీ నా వల్ల కాదని అన్నం మానేసి కూర్చుని ఉండొచ్చు. అమ్మ అబద్ధమాడాలని ఆడదు, ఆ గొడవ మళ్ళీ ఎందుకులే అనుకుంటుంది. చూడ్డానికొచ్చిన స్నేహితురాలు ఏదో చెప్పబోయి, అమ్మ వంక చూసి, "త్వరగా తగ్గిపోతుందిలేవే" అనేసి ఊరుకుంటుంది. పైగా పదిహేడేళ్ళ పిల్ల ఎవరికీ చెప్పని మాట ఒకటైనా ఉంటుంది కదా, దాన్ని ఆమెకు మళ్ళీ చెప్పేవాళ్ళు లోకంలో ఎవరూ లేరు. ఆ సంగతి తల్చుకుంటేనే నాకు గుండె పిండేసినట్టుంటుంది.

ఇంకొకటి, మనసుకు గుర్తులేనిది చేతికి గుర్తుండొచ్చు. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు 1953లో మూర్ఛలు తగ్గాలని మెదడు ఆపరేషన్ చేస్తే, ఆ తర్వాత కొత్త సంగతులు గుర్తుండడం మానేశాయి. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమని బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వవేత్త పని ఇస్తే, ముందురోజు గీసినట్టే తెలియకపోయినా రోజురోజుకూ తప్పులు తగ్గాయి. అందుకే నీ పిల్ల చేతిలో ఫోన్ పెట్టు. ప్యాటర్న్ ఏంటని అడిగితే తెలీదంటుంది. అమ్మతో ఏదో మాట్లాడుతూ పరధ్యానంగా వేలు తిప్పుతుంది, లాక్ తెరుచుకుంటుంది. లోపల అన్నీ తను పెట్టిన మెసేజ్‌లే, చదువుతుంటే పరాయివాళ్ళవి దొంగతనంగా చదువుతున్నట్టుంటుంది. అవి రాసిన పిల్ల ఆమెకు నచ్చుతుందా? నాకు తెలుసుకోవాలనుంది, నువ్వు రాస్తేనే తెలుస్తుంది.

పాట తీసేస్తే ముగింపెలా అని టెన్షన్ పడకు. పోయినవి పోయాయి, రావు. బైపీసీ ఉంచుకోవాలా మానేయాలా అనేది ఇప్పుడున్న మనిషిగానే ఆ పిల్ల తేల్చుకోవాలి, సగం తెలిసీ సగం తెలియకా. ముందు స్నేహితురాలు వచ్చి వెళ్ళిన సీను రాసి పంపు. న్యూరో వార్డులో పనిచేసే నర్సులెవరైనా నీకు తెలిస్తే ఒక పూట కూర్చుని మాట్లాడు, ఈ విషయంలో నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.

ఉంటాను,
అక్క