1947-48లో హైదరాబాద్, భారత్‌ల మధ్య రాయబారులు ఉండేవారా?

ఉండేవారు, కానీ వాళ్లను రాయబారులు అనలేదు. పాత ఏర్పాట్లనే తాత్కాలికంగా కొనసాగించడానికి 1947 నవంబర్ 29న కుదిరిన యథాతథ ఒప్పందం రెండో అధికరణం ప్రకారం చెరో ప్రతినిధి ఢిల్లీలో, హైదరాబాద్‌లో ఉండాలి. హోదా పేరు ఏజెంట్ జనరల్. పేచీ అంతా ఆ పేరులోనే ఉంది: ‘రాయబారి’ అంటే నిజాంది వేరే దేశమని భారత్ ఒప్పుకున్నట్టు, ‘రెసిడెంట్’ (సంస్థానాల్లో ఉండే బ్రిటిష్ ప్రతినిధి) అంటే బ్రిటిష్ వాళ్ల పెత్తనం మళ్లీ వచ్చినట్టు, అది నిజాంకు గిట్టదు. భారత్‌కు అలాంటి పై పెత్తనం (పారమౌంట్సీ) ఇందులో లేదని మూడో అధికరణంలో విడిగా రాసుకున్నారు కూడా.

నిజాం తరఫున ఢిల్లీలో జైన్ యార్ జంగ్, భారత్ తరఫున హైదరాబాద్‌లో కె.ఎం. మున్షీ (1948 జనవరి నుంచి). మున్షీకి బస ఇవ్వడానికే నిజాం ప్రభుత్వం మొరాయించింది. కోఠీ రెసిడెన్సీ, అంటే తర్వాత మహిళా కళాశాల నడిచిన భవనం, దక్కలేదు. భారత సైన్యానికి చెందిన ఇళ్లలో సర్దుకున్నారు. ఇల్లే ఇవ్వని చోట మాటలేం సాగుతాయి!

ఒప్పందం గడువు ఏడాది. అది తీరకముందే, 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది; 17న నిజాం లొంగుబాటు ప్రకటించడంతో ఈ రెండు పదవులకూ పని లేకుండా పోయింది.