ఖార్కివ్‌లో పోయిన హావేరి అబ్బాయి

"యుద్ధంలో చనిపోయిన విద్యార్థి ఎవరైనా మీకు ఇప్పటికీ గుర్తున్నారా?" అని అడిగారు. నాకు గుర్తున్న అబ్బాయిని నేను ఎప్పుడూ చూడలేదు. కర్ణాటక హావేరి జిల్లా వాడు, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ నాలుగో ఏడు, వయసు 21. మాది అనంతపురం. మా చిన్నాన్న కొడుకు కూడా అప్పుడు ఖార్కివ్‌లోనే మెడిసిన్ చదువుతున్నాడు.

2022 మార్చి 1. షెల్లింగ్‌లో భారతీయ విద్యార్థి మృతి అని విదేశాంగ శాఖ చెప్పింది గానీ, ముందు పేరు చెప్పలేదు. టీవీలో కింద ఆ ఒక్క లైనే తిరుగుతా ఉంది. మావాడికి ఫోన్ కలవదు, వాట్సాప్‌లో ఒకటే టిక్కు. మా పిన్ని దేవుడి గదిలోకి పోదు, కూర్చోదు, చేతిలో ఛార్జర్ పట్టుకుని హాల్లో తిరుగుతానే ఉంది. పేరు బయటికొచ్చాక "మనోడు కాదు" అని ఎవరో గట్టిగా అనేశారు, పిన్ని వాళ్ల మీద విరుచుకుపడింది, ఆ పిల్లోడికి మాత్రం అమ్మ లేదా అని.

ఆ అబ్బాయి బంకర్లోంచి బయటికొచ్చింది సరుకుల కోసం. కర్ఫ్యూ ఎత్తేశాక పొద్దున్నే షాపు ముందు క్యూలో నిలబడ్డాడు. మావాడు తర్వాత చెప్పాడు, బంకర్లో బిస్కెట్లు, నీళ్లు కూడా అయిపోతుంటే రోజూ ఎవరో ఒకరు అట్లా పోవాల్సిందేనని, అంటే ఆ రోజు ఎవరైనా కావచ్చు. మర్నాడే మన ఎంబసీ నడిచైనా సరే ఖార్కివ్ వదిలి, ఆ పక్కనున్న పిసోచిన్ అనే ఊరి వైపు పొమ్మంది. మావాడు మంచులో నడిచి, రైలెక్కి, పోలండ్ దాటి ఇంటికొచ్చాడు.

ఆ అబ్బాయి మాత్రం మార్చి 21న శవపేటికలో బెంగళూరు చేరాడు. ఇంటికి తెచ్చి పూజలు చేసి, దావణగెరెలో ఒక మెడికల్ కాలేజీకి ఆ దేహాన్ని ఇచ్చేశారు. డాక్టరు కావాలని పంపిన కొడుకును వేరే పిల్లల చదువుకి ఇవ్వడమంటే, నాకైతే అంత గుండె లేదు.

పీయూసీలో, అంటే మన ఇంటర్‌లో, 97 శాతం వచ్చినా ఇక్కడ సీటు దొరకలేదని వాళ్ల నాన్న మీడియాతో అన్నాడు. మా బంధువుల్లో ఎవరైనా "ఇక్కడ సీటు రాని మొద్దులే బయటికి పోతారు" అన్నారనుకోండి, పెళ్లి భోజనాల మధ్యలో అయినా సరే, మా పిన్ని ఆ 97 చెప్పి నోరు మూయిస్తుంది. మావాడి మార్కులు మాత్రం చెప్పదు!