నాన్నగారి బుల్లెట్టు, నా మోకాళ్లు

ప్రశ్న: అయ్యా, నాకు యాభై రెండేళ్లు. ఉండేది విశాఖ మర్రిపాలెం. పోర్టులో పనిచేసి రిటైరైన మా నాన్నగారు 1986లో కొన్న బుల్లెట్ 350 మా ఇంట్లో ఉంది. ఆయన పోయాక ఎవరూ నడపలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు షెడ్డు రేకులు ఎగిరిపోయి చాలా రోజులు వానకు తడిసింది. అప్పటినుంచి టార్పాలిన్ కప్పి ఉంచాం. బాగు చేయించి ఆదివారం పూట భీమిలి దాకా వెళ్లి రావాలని కోరిక. మెకానిక్ వచ్చి చూసి, ఇంజను మొత్తం విప్పాలి, క్రోమ్ చేయించాలి, ముందు డిస్కు బ్రేకు, అలాయ్ చక్రాలు, ఎల్‌ఈడీ లైటు, పెద్ద చప్పుడు వచ్చే సైలెన్సరు, అన్నీ కలిపి లక్షా ఇరవై వేలు అన్నాడు. మా ఆవిడ పాత ఇనుముకు వేసేయమంటోంది. నాకు మోకాళ్ల నొప్పులు. ఏం చేయమంటారు?
– పేరు వేయవద్దన్న పాఠకుడు

జవాబు: ముందు ఆ కిక్కు జోలికి వెళ్లకండి. ఉత్తరం రాసేలోపే ఒకటి రెండు సార్లు తొక్కి చూసి ఉంటారని నా అనుమానం. ఇక చాలు. మీ బండి సిలిండరు పోత ఇనుముది. ఇన్నేళ్లు తేమలో కదలకుండా ఉన్న బండిలో పిస్టను రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అతుక్కుపోతాయి. అప్పుడు బలంగా తొక్కితే రింగులు విరుగుతాయి, లేదా మీ మోకాలు పోతుంది. రింగులు బజారులో దొరుకుతాయి.

స్పార్కు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి కాస్త డీజిలు కలిపిన ఇంజను ఆయిలు పోసి కొన్నాళ్లు వదిలేయండి. తర్వాత సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కీ ఆడించండి. వెంట్రుకవాసి కదిలినా మంచిదే, మళ్లీ ఆయిలు పోసి ఆగండి. కదిలింది కదా అని వెంటనే స్టార్టు చేయించవద్దు. ఈ పాత బుల్లెట్లలో ఆయిలు ట్యాంకు ఇంజను పోతలోనే ఒక అర. బండి ఏళ్లతరబడి నిలబడితే ఆ ఆయిలు పంపుల గుండా జారి క్రాంకు (పిస్టను కదలికతో తిరిగే ఇరుసు) ఉన్న గదిలోకి చేరుతుంది. అలాగే స్టార్టు చేస్తే ఇంజను గాలి వదిలే గొట్టం, బ్రీదరులోంచి ఎగజిమ్మి మీ లుంగీ మీద పడుతుంది. కింద ఉన్న డ్రెయిన్ ప్లగ్గులన్నీ విప్పి పాతది పూర్తిగా దించి, కొత్తది పోశాకే మిగతా సంగతి.

అది నానుతూ ఉండగా మీరు చేయవలసిన పని వేరే ఉంది. కాగితాలు తీయండి. బండి నాన్నగారి పేరు మీదే ఉందనుకుంటాను. యజమాని మరణిస్తే వారసుడు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో తన పేరుకు మార్చుకోవాలన్నది నిబంధన. మీకు గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ఆలస్య రుసుము ఉంటుంది. రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు, ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు. దాన్ని పొడిగించడానికి ఫారం 25. ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిలుకు కేంద్రం 2025 ఆగస్టులో ఈ ఫీజును 2,000 రూపాయలు చేసింది, దానికి తోడు రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్సు. 2019 నుంచి రాష్ట్రమంతా కొత్త బండ్ల నంబర్లకు ఏపీ 39 వచ్చింది కదా, నాన్నగారి నంబరు పోతుందేమోనని కంగారు పడకండి, పాత నంబరు పాతదే. ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఆర్సీలో ఉన్నవేనా అన్నది మాత్రం ఇప్పుడే తుప్పు గీకి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది సరిచూసుకోండి. కాగితాలు తేలకుండా ఆ బండి మీద వెయ్యి రూపాయలు కూడా ఖర్చు పెట్టవద్దు. లక్ష పోసి మెరిపించిన బండి గేటు దాటకపోతే మీ ఆవిడ మాటే నెగ్గుతుంది.

ఇప్పుడు మెకానిక్ చీటీ చూద్దాం. నేను లేతు ముందు నిలబడి జుట్టు నెరిపించుకున్న మనిషిని, అందుకే ‘ఇంజను మొత్తం విప్పాలి’ అన్న మాట వినగానే ఎందుకని అడుగుతాను. హెడ్డు, సిలిండరు పైకి తీయడానికి కింది భాగం విప్పనక్కర్లేదు. సిలిండరు తీశాక పిస్టనును క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడమనండి. పక్కలకు కొద్దిగా ఆడితే ఫరవాలేదు, ఆడాలి కూడా. నిలువుగా టకటకమంటే మాత్రం క్రాంకు బయటికి రావలసిందే. ఆ చప్పుడు లేకపోతే కింది భాగం జోలికి వెళ్లవద్దు. ఈ పరీక్ష చేసేటప్పుడు మీరు పక్కనే ఉండండి.

సిలిండరులో తుప్పు గుంటలు పడితే బోరు కొట్టించాలి, అంటే లోపలి గోడను చెక్కి కాస్త వెడల్పు చేయించాలి. ఇక్కడొక పట్టింపు: ముందు ఓవర్‌సైజు పిస్టను కొని, దాన్ని సిలిండరుతో పాటు బోరింగు షాపులో ఇవ్వండి. వాళ్లు ఆ పిస్టనును మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగ్గ సందు ఉంచి బోరు కొట్టాలి. డబ్బా మీద రాసిన సైజు నమ్మి బోరు కొట్టే షాపు నుంచి సిలిండరు వెనక్కి తెచ్చేసుకోండి. బోరు అయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లు పసిబిడ్డను నడిపించినట్లు నడపాలి. ఆ వెయ్యి పూర్తయ్యేదాకా అరకు ఘాటు ఎక్కవద్దు.

మన ఊళ్లో బండికి శత్రువు వయసు కాదు, గాలి. ఒక పక్క ఉప్పు, మరో పక్క పోర్టు మీదుగా వచ్చే నల్లటి దుమ్ము. ఆ రెండూ తేమతో కలిసి ఇనుము మీద పట్టు కట్టి ఆరవు. బ్యాటరీ పెట్టె కింద, మడ్‌గార్డు బిగింపుల దగ్గర, వెనక ఫోర్కు అతుకుల్లో, స్పోకు నిపిల్సు మొదట్లో టార్చి వేసి చూడండి. చిన్న సుత్తితో మెల్లగా కొడితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్‌మంటుంది. ఫ్రేములో ఎక్కడైనా తుప్పు తినేసి ఉంటే మిగతా ఖర్చులన్నీ ఆపి అది చేయించండి. ఫ్రేముకు పౌడరు కోటింగు బాగుంటుందని చెబుతారు. షోరూములో బాగుంటుంది. బీచ్ రోడ్డు మీద ఒక రాయి తగిలి చిన్న పెచ్చు ఊడితే ఉప్పు తేమ ఆ పొర కిందికి పాకి, పైకి కనబడకుండా తినేస్తుంది. ఎపాక్సీ ప్రైమరు మీద మామూలు పెయింటు వేయిస్తే, పెచ్చు ఊడినచోట మీరే బ్రష్షుతో అద్దుకోవచ్చు. క్రోమ్ ఆఖరున చేయించండి. పైన మెరిసే క్రోమియం పొర చాలా పలచన, ఇనుమును కాపాడేది దాని కింది నికెలు. నికెలు మందంగా వేయమని నోరు తెరిచి అడగండి, దానికి డబ్బు ఎక్కువైనా ఇవ్వండి.

పెట్రోలు ట్యాంకు గురించి ఒక హెచ్చరిక. అడుగు కారుతోందని వెల్డింగు చేయించవలసి వస్తే, ఖాళీ ట్యాంకు కదా అని నిప్పు దగ్గరికి తీసుకెళ్లనివ్వకండి. పెట్రోలు కన్నా పెట్రోలు ఆవిరే ప్రమాదం. బాగా కడిగి, నిండా నీళ్లు పోసి, అతుకు పెట్టే చోటు మాత్రమే పైకి ఉండేలా చేసి అప్పుడు పని చేస్తారు తెలిసినవాళ్లు.

అలాయ్ చక్రాలు వద్దు. డిస్కు బ్రేకు కూడా వద్దంటాను. డిస్కు చెడ్డదని కాదు. దానికోసం ఫోర్కు మార్చాలి, చక్రం మార్చాలి, పైగా తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. ఆ డబ్బులో చిన్న వంతుతో డ్రమ్మును లేతు మీద గుండ్రంగా తీయించి, కొత్త షూలు, కొత్త కేబుళ్లు వేయించండి. పాత షూలకు అతికించిన లైనింగు జిగురు చచ్చి ఊడిపోతుంది, మందం ఉంది కదా అని వాటినే ఉంచకండి. టైర్లూ అంతే. పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. మీ టైర్ల గాట్లు కొత్తవాటిలా ఉన్నా రబ్బరు ఎండి చెక్కైపోయి ఉంటుంది. 3.25–19 కొత్తవి రెండూ వేయించండి. ట్యూబులూ, రిమ్ము పట్టీలూ కూడా.

సైలెన్సరు సంగతి ఒక్క ముక్క: మార్చవద్దు. వీధిలో పసిపిల్లలూ, గుండె జబ్బువాళ్లూ ఉంటారు, చలానా సంగతి సరేసరి.

కాబట్టి మార్పులంటూ చేయిస్తే కంటికి కనబడనివి చేయించండి. హెడ్‌లైటు డోము, పైనున్న రెండు చిన్న టైగరు ల్యాంపులు అలాగే ఉంచి లోపల మంచి ఎల్‌ఈడీ బల్బు పెట్టించండి. పెద్ద హాలోజెను పెడితే ఆ కాలపు ఆల్టర్నేటరు మోయలేదు, బ్యాటరీ దిగిపోతుంది. వైరింగు పాతది పూర్తిగా తీసేయించి కొత్తది వేయించండి, అది తప్పదు. ట్యాంకు మీద ‘రాయల్’ అన్న మాట రాయించకండి. 1986లో మద్రాసు తిరువొత్తియూరు నుంచి వచ్చిన బండి మీద ఉండేది ఎన్‌ఫీల్డ్ అని మాత్రమే. ఐషర్ సంస్థ చేతికి వెళ్లాక, 1990ల మధ్యలో గానీ కంపెనీకి ‘రాయల్’ అన్న మాట తిరిగి రాలేదు.

ఇక మీ మోకాళ్లు. బుల్లెట్టును బలంతో తొక్కేవాళ్లే మోకాళ్లు పోగొట్టుకుంటారు. సెంటర్ స్టాండు వేసి, తాళం తిప్పి, కరెంటు చూపే అమ్మీటరు సూదిని చూస్తూ కిక్కును మెల్లగా నొక్కండి. పాయింట్లు (స్పార్కు కోసం కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు) మూసుకున్నప్పుడు సూది ఎడమకు వాలుతుంది. ఒకచోట కిక్కు గట్టిగా అడ్డుపడి, సూది మధ్యకు వస్తుంది. పాయింట్లు తెరుచుకున్నాయన్నమాట, పిస్టను పైకి వచ్చింది. అక్కడ ఎడమ చేతి దగ్గరున్న, సిలిండరులో ఒత్తిడి వదిలే డీకంప్రెసరు మీట పట్టుకుని కిక్కును ఇంకో రెండంగుళాలు మాత్రం దించి, మీట వదిలి, కిక్కును పైకి రానివ్వండి. ఇప్పుడు పాదం మధ్యభాగం ఆనించి, నిలబడి, ఒంటి బరువంతా కిందిదాకా వదలండి. కొట్టినట్లు కాదు, మెట్టు దిగినట్లు. ఇగ్నిషను టైమింగు మరీ ముందుకు ఉంటే కిక్కు వెనక్కి తంతుంది, అందుకే టైమింగు సరి చేయించకుండా తొక్కవద్దు. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టించుకోవచ్చు, రోజూ సర్దే బాధ తప్పుతుంది. కానీ చాలా యూనిట్లలో అమ్మీటరు సూది ఈ కబురు చెప్పదు, అప్పుడు కాలికి తగిలే అడ్డునే నమ్ముకోవాలి. పాత పాయింట్ల సెట్టు పారేయకుండా టూలు పెట్టెలో ఉంచండి.

ఒకటి మరిచిపోకండి. మీరిన్నేళ్లూ నడిపింది ఎడమ కాలి గేరు, కుడి కాలి బ్రేకు. ఇది తిరగబడి ఉంటుంది: గేరు కుడి కాలికి, పైకెత్తితే మొదటిది, కిందికి నొక్కుతూ పోతే మిగతా మూడూ. బ్రేకు ఎడమ కాలికి. కంగారులో కాలు పాత అలవాటుకే పోతుంది. కొన్ని వారాలు తెల్లవారుజామున, వాహనాలు లేని వీధుల్లో మాత్రమే నడపండి. భీమిలి ఎక్కడికీ పోదు.

ప్రశ్న: నాది 1998 నాటి స్ప్లెండర్. ఇప్పుడొచ్చే ఇథనాలు పెట్రోలుతో పాత బండ్లు పాడవుతాయంటున్నారు, నిజమా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: సగం నిజం. 20 శాతం ఇథనాలుకు ఆ కాలపు రబ్బరు పైపులు, కార్బొరేటరు సీళ్లు తట్టుకునేలా చేసినవి కావు. అవి మెత్తబడటమో పెళుసెక్కడమో జరుగుతుంది. పైపు, ట్యాపు వాషర్లు, కార్బొరేటరు కిట్టు ఇప్పటి పెట్రోలుకు పనికొచ్చేవి అడిగి మార్పించండి, పెద్ద ఖర్చు కాదు. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అది మన తీరంలో ఎక్కువ. బండిని నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టకండి. రిఫైనరీ పక్కనే ఉన్నాం కదా, మనకు వేరే పెట్రోలు రాదా అని ఇంకో పాఠకుడు రాశారు. రాదండీ.

ప్రశ్న: మా వారికి యాభై మూడేళ్లు. కాలేజీ రోజుల్లో తీరని కోరికట, ఇప్పుడు యమహా ఆర్ఎక్స్ 100 కొంటానంటున్నారు. ఆపాలా?
– ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: ఆపకండి, కానీ బేరానికి వెంట వెళ్లండి. మీకు ఆ బండి మీద మోజు లేదు కాబట్టి మీ కళ్లు బాగా పనిచేస్తాయి. అది మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. అంటే అన్నిటికన్నా కొత్తది కూడా ముసలిదే. చూడటానికి వస్తున్నామని చెప్పి, మేం వచ్చేదాకా స్టార్టు చేయవద్దని చెప్పండి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి. టూ స్ట్రోకు, అంటే పెట్రోలుతో పాటు ఆయిలూ కాలే ఇంజను కాబట్టి కొంత పొగ సహజం. వేడెక్కాక కూడా తెల్లటి పొగ దట్టంగా వస్తూ గేరాయిలు తగ్గిపోతుంటే క్రాంకు సీలు పోయినట్లే, ఇంజను విప్పాలి. ఆయిలు పంపు పనిచేస్తోందా, తీసేసి పెట్రోలులోనే ఆయిలు కలుపుతున్నారా అన్నది అడిగి తెలుసుకోండి, లేకపోతే ఉత్త పెట్రోలు పోసి మొదటి వారంలోనే పిస్టను పట్టేయించుకుంటారు. చాసిస్ నంబరులో అంకెలు ఒకదానితో ఒకటి పొసగకుండా, ఎత్తుపల్లాలుగా ఉంటే అక్కడినుంచి వచ్చేయండి. ఆర్సీ అమ్మేవాడి పేరు మీద లేకపోయినా అంతే.

హెల్మెట్లు రెండు కొనమనండి. 2024 సెప్టెంబరు నుంచి విశాఖలో వెనక కూర్చున్నవారికీ తప్పనిసరి చేశారు.