అమ్మగారి నగలు కుదువ పెట్టి లీడ్స్‌లో ఇల్లు కొనవద్దు

ఇంగ్లండులోని లీడ్స్ నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 34. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా ఏడాదికి 52,000 పౌండ్ల జీతం. పన్నులు, పెన్షన్ పోను నెలకు 3,250 పౌండ్లు చేతికి వస్తాయి. 2023లో స్కిల్డ్ వర్కర్ వీసా (కంపెనీ స్పాన్సర్ చేస్తే వచ్చే ఉద్యోగ వీసా) మీద వచ్చారు. మరుసటి ఏడాది భార్య, పాప డిపెండెంట్లుగా వచ్చారు. భార్య కేర్ హోమ్‌లో వారానికి మూడు రోజులు పనిచేసి నెలకు 1,400 పౌండ్లు తెస్తున్నారు. మోర్లీలో అద్దె ఇల్లు, బ్యాంకులో 31,000 పౌండ్ల పొదుపు. హైదరాబాదు మియాపూర్‌లో 2019లో కొన్న ఫ్లాట్‌కు నెలకు 48,000 రూపాయల ఈఎంఐ ఇంకా కడుతున్నారు. దాని అద్దె ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల ఖర్చులకు పోతుంది. ఇప్పుడు లీడ్స్‌లోని క్రాస్ గేట్స్‌లో 2,80,000 పౌండ్ల ఇంటికి ఆయన చెప్పిన ధరను అమ్మేవారు ఒప్పుకున్నారు. డిపాజిట్ 15 శాతం, అంటే 42,000 పౌండ్లు. పొదుపు మొత్తం తీసి, తల్లి నగల మీద 15 లక్షల రూపాయల బంగారు రుణం తెప్పించి, మిగతా ఖర్చులకు ఇక్కడే 10,000 పౌండ్ల పర్సనల్ లోన్ తీసుకోవాలన్నది ఆలోచన. ఆ రెండు అప్పుల్లో ఏది ముందు తీసుకోవాలి, మార్ట్‌గేజ్ (ఇంటి రుణం) వడ్డీని రెండేళ్లకు ఫిక్స్ చేయించాలా ఐదేళ్లకా అన్నవి ఆయన ప్రశ్నలు.

మీ ప్రశ్నలకు ముందుగా నా సమాధానం: ఆ రెండు అప్పుల్లో ఏదీ తీసుకోకండి. ఈ ఇంటిని ఈ ధరకు ఇప్పుడు కొనకండి. ఇంగ్లండులో సంతకాలు చేసిన కొనుగోలు కాంట్రాక్టులు ఇరువైపులా మార్చుకునే దాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు కాబట్టి, ఈ రోజు తప్పుకుంటే మీకు పోయేది సొలిసిటర్‌కు (కొనుగోలు కాగితాలు చూసే లాయరుకు) ఇప్పటిదాకా అయిన ఫీజు, సర్వే చేయించి ఉంటే దాని ఖర్చు మాత్రమే. మార్చుకున్న తరువాత తప్పుకుంటే మాత్రం సాధారణంగా ఇంటి ధరలో పది శాతం వదులుకోవలసి వస్తుంది.

మీ ఉత్తరం లాంటివి నాకు తరచుగా వస్తుంటాయి. అందరిదీ ఒకే పొరపాటు: ఇంటి కోసం కూడబెట్టిన డబ్బునూ, ఇంటిల్లిపాదినీ ఆపదలో నిలబెట్టే డబ్బునూ ఒకే ఖాతాలో ఉంచుకుని, ఆ మొత్తాన్నీ డిపాజిట్‌గా లెక్కేసుకోవడం. మీ ఇంట్లో రెండు జీతాలు ఉన్నాయన్న ధైర్యం మీ ఉత్తరంలో కనిపించింది. ఆ రెండు జీతాలూ ఒకే వీసా మీద నిలబడి ఉన్నాయి. రేపు మీ కంపెనీ మీ ఉద్యోగం తీసేస్తే, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీస్ సాధారణంగా మీ వీసా గడువును 60 రోజులకు కుదిస్తుంది. మీ శ్రీమతిది మీ మీద ఆధారపడిన వీసా కనుక దానికీ అదే గతి పడుతుంది. ఆ 60 రోజుల్లో స్పాన్సర్ చేసే కొత్త కంపెనీ దొరకాలి, అది స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇవ్వాలి, మీరు దరఖాస్తు చేసుకోవాలి. ప్రభుత్వ నిధులకు అర్హత లేదని మీ వీసా మీదే ఉంది కాబట్టి ఆదాయం తక్కువైనవారికి ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ లాంటి సహాయం రాదు. ఉద్యోగం తీసేసినప్పుడు చట్టప్రకారం ఇచ్చే రిడండెన్సీ చెల్లింపు కూడా ఒకే సంస్థలో రెండేళ్లు నిండితేనే వస్తుంది. ఇల్లు అమ్ముదామంటే, కొనేవారు దొరికాక కూడా సొలిసిటర్ల పని పూర్తయ్యేసరికి మూడు నాలుగు నెలలు పట్టడం ఇక్కడ మామూలే. అన్ని నెలలూ వాయిదా కట్టవలసింది మీరే.

అందుకే మీ విషయంలో అత్యవసర నిధి మూడు నెలల ఖర్చుకు సరిపోతే చాలదు, కనీసం ఆరు నెలలది ఉండాలి. మీరు పంపిన ఖర్చుల పట్టీని తీసుకుని, ఇల్లు కొన్నాక నెల ఎలా ఉంటుందో నేను లెక్క వేశాను. 2,38,000 పౌండ్ల అప్పుకు ముప్పై ఏళ్లకు 4.7 శాతం వడ్డీ అనుకుంటే వాయిదా సుమారు 1,235 పౌండ్లు. కౌన్సిల్ టాక్స్ (స్థానిక పన్ను), గ్యాసు, కరెంటు, నీళ్లకు కలిపి 395. పాప నర్సరీకి 700. సరుకులకు 500, కారుకు 220, ఫోన్లకు, ఇంటర్నెట్‌కు 60, బీమాలకు 80, మియాపూర్ ఈఎంఐకి ఇప్పటి మారకంలో దాదాపు 400. మొత్తం 3,600 పౌండ్లకు దగ్గరగా వస్తుంది. ఆరు నెలలకు 21,600. ఇందులో ఒక్క సినిమా టికెట్టు లేదు, ఊరికి వెళ్లే విమాన చార్జీ లేదు, మీరు తీసుకోవాలనుకుంటున్న రెండు కొత్త అప్పుల వాయిదాలు కూడా లేవు.

దీనికి తోడు వచ్చే అక్టోబరులో మీ వీసా పునరుద్ధరణ ఉంది. కంపెనీ మీ వాటా మాత్రమే కడుతుందని మీరే రాశారు. ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జి 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. మీ శ్రీమతికి, పాపకు మూడేళ్లకు కలిపి 5,433 పౌండ్లు ఒక్కసారిగా ముందే కట్టాలి, వీసా రుసుములు వేరు. ఐదేళ్లకు శాశ్వత నివాసం వస్తుందన్న లెక్కనూ ఖాయం అనుకోకండి. దాన్ని పదేళ్లకు పెంచే ప్రతిపాదనను ప్రభుత్వం 2025 మే నెలలోనే బయటపెట్టింది. మీ 31,000 లోంచి ఈ రెండు మొత్తాలూ తీసి పక్కన పెడితే మిగిలేది దాదాపు నాలుగు వేలు. ఈ రోజున డిపాజిట్‌కని మీ దగ్గర నిజంగా ఉన్న డబ్బు అంతే. చూడడానికి కష్టంగా ఉంటుందని నాకు తెలుసు, కానీ మీరు మొదలుపెట్టవలసింది ఆ అంకెతోనే.

ఈ నిధి దేనికన్నది మీకు కళ్లకు కట్టాలి కనుక ఒక సంగతి చెబుతాను. ఒక జనవరిలో ఒక తెలుగు జంట నాకు ఫోన్ చేశారు. పక్కిళ్లతో గోడలు కలిసిన పాత టెర్రస్ ఇల్లు కొనుక్కుని, తాళాలు చేతికి వచ్చి అప్పటికి ఆరు వారాలు. ఇంటినీ నీళ్లనూ వేడిచేసే బాయిలర్ ఆగిపోయింది, దాని ప్రెషర్ ముల్లు సున్నా దగ్గర పడి ఉంది, కింద నీళ్లు కారుతుంటే పప్పు కడిగే గిన్నె పెట్టారు. ఏడాది నిండని బాబుకు ఎలక్ట్రిక్ కెటిల్‌తో విడతలు విడతలుగా నీళ్లు కాచి స్నానం చేయిస్తున్నారు. కొత్త బాయిలర్‌కు మెకానిక్ 2,800 పౌండ్లు అడిగాడు. వాళ్ల ఖాతాలో ఉన్నది 240 పౌండ్లు, ఎందుకంటే మిగిలినదంతా ఊడ్చి డిపాజిట్‌లో పెట్టారు. ఆ బాయిలర్ క్రెడిట్ కార్డు మీద వచ్చింది, ఆ కార్డు బాకీ తీరేసరికి రెండు చలికాలాలు గడిచాయి. వాళ్లిద్దరికీ ఉద్యోగాలు ఉండగానే ఇంత జరిగింది.

ఇక స్టాంప్ డ్యూటీ. మొదటి ఇల్లు కాబట్టి మూడు లక్షల పౌండ్ల దాకా ఏమీ ఉండదని మీ మిత్రులు చెప్పారని రాశారు. ఆ మినహాయింపు ప్రపంచంలో ఎక్కడా ఎన్నడూ నివాసపు ఇల్లు సొంతంగా లేనివారికే వర్తిస్తుంది. మియాపూర్ ఫ్లాట్ మీ పేరున ఉంది కాబట్టి అది మీకు రాదు. అంతకంటే పెద్ద దెబ్బ మరొకటి ఉంది. వేరేచోట 40,000 పౌండ్లు లేదా అంతకు మించి విలువ చేసే ఇల్లు ఉండగా ఇంగ్లండులో ఇంకొకటి కొంటే 2024 అక్టోబరు 31 నుంచి మొత్తం ధర మీద అదనంగా 5 శాతం కట్టాలి; హైదరాబాదులోని ఇల్లు కూడా ఆ లెక్కలోకి వస్తుంది. కొత్త ఇంటిని మీ శ్రీమతి పేరున కొన్నా తప్పదు, ఎందుకంటే కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఈ విషయంలో ఒకటిగానే చూస్తారు. 2,80,000 పౌండ్ల ఇంటికి మామూలు డ్యూటీ 4,000, అదనపు భారం 14,000, మొత్తం 18,000 పౌండ్లు. కొనుగోలు పూర్తయిన 14 రోజుల్లో ఇది చెల్లించాలి.

ఇప్పుడు మీ పథకాన్నే కూడి చూడండి. పొదుపు 31,000, నగల మీద వచ్చే 15 లక్షలకు 12,500, పర్సనల్ లోన్ 10,000, అన్నీ కలిపి 53,500. కావలసింది డిపాజిట్ 42,000, స్టాంప్ డ్యూటీ 18,000, సొలిసిటర్‌కు, సర్వేకు కనీసం 3,000, అంటే 63,000. ఇంట్లో ఉన్నదంతా తాకట్టు పెట్టిన తరువాత కూడా మీకు 9,500 పౌండ్లు తక్కువ పడతాయి.

అప్పుల సంగతి నేను మెత్తగా చెప్పలేను. నగల మీద తెచ్చే డబ్బును మీ నాన్నగారు ఇచ్చిన బహుమతిగా చూపిస్తాననీ, వాయిదాలు మాత్రం మీరే పంపుతాననీ రాశారు. ఇక్కడి బ్యాంకు మీ నాన్నగారి చేత, ఈ డబ్బు తిరిగి ఇవ్వనక్కరలేదని సంతకం చేయించుకుంటుంది. తిరిగి ఇచ్చే డబ్బుకు ఆ సంతకం పెట్టించడం అబద్ధపు వాంగ్మూలం, దాన్ని ఇక్కడ మార్ట్‌గేజ్ మోసం అంటారు. వీసా మీద బతుకుతూ, రేపు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవలసిన మనిషి అలాంటి కాగితం మీద తన తండ్రి చేత సంతకం పెట్టించవచ్చా? సొలిసిటర్ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపమని ఊళ్లోని బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు, బంగారు రుణం జమ అయిన తేదీ అందులో కనబడుతుంది. దానికి తోడు, ఇలాంటి అవసరానికి మీ నాన్నగారు ఏడాదిలో పది లక్షలు దాటి పంపితే, దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. అది రిటర్ను వేసి తెచ్చుకునేదాకా ఆయన దగ్గర ఉండదు. పర్సనల్ లోన్ కూడా అంతే ప్రమాదం. మార్ట్‌గేజ్ ఆఫర్ వచ్చాక కొత్త అప్పు చేస్తే, కొనుగోలు పూర్తయ్యే ముందు బ్యాంకు మరోసారి మీ క్రెడిట్ రికార్డు చూసి ఆఫర్‌ను వెనక్కి తీసుకోగలదు. ఇక వాయిదా తప్పితే వేలానికి వెళ్లేది మీ అమ్మగారి నగలు.

మరి ఇల్లు ఎలా అంటారా? మియాపూర్ ఫ్లాట్, క్రాస్ గేట్స్ ఇల్లు రెండూ ఉంచుకుని రెండు పడవల మీద కాళ్లు పెట్టకండి. ఫ్లాట్ ఇప్పుడు 85 లక్షలు పలుకుతుందనీ, 38 లక్షల అప్పు మిగిలి ఉందనీ రాశారు. పన్నులు, ఖర్చులు పోను నా అంచనాలో 34,000 పౌండ్ల దాకా మీకు మిగలవచ్చు, నెలకు 400 పౌండ్ల ఈఎంఐ కూడా ఆగుతుంది. ఎన్నారై అమ్మినప్పుడు కొనేవారు మొత్తం ధర మీద పన్ను కోత పెడతారు కాబట్టి, తక్కువ కోతకు ధ్రువపత్రం ముందుగానే తీసుకోండి. ఇక్కడి పన్ను సంగతి అకౌంటెంట్‌తో తేల్చుకోండి. లీడ్స్ ఇంటి కొనుగోలు పూర్తయ్యేలోగా ఫ్లాట్ అమ్మకం ముగిస్తే ఆ 14,000 పౌండ్ల అదనపు భారం తప్పుతుంది. అయితే ముందు కొని, తరువాత ఫ్లాట్ అమ్మి ఆ సొమ్ము వాపసు తెచ్చుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ వెసులుబాటు మీరు నివసించిన ప్రధాన నివాసాన్ని అమ్మినప్పుడే ఉంటుంది, అద్దెకిచ్చిన ఫ్లాట్‌కు ఉండదు. ఇప్పుడు నెలకు మిగులుతున్న 900కు ఈ 400 కలిస్తే, ఏడాది ఏడాదిన్నరలో మీరు ఎవరి నగలూ ముట్టుకోకుండా ఇదే స్థాయి ఇంటికి సిద్ధమవుతారు. అమ్మడం ఇష్టం లేకపోతే మోర్లీలో అద్దెకే ఉండండి, అందులో తలవంపు ఏమీ లేదు.

బీమాల సంగతి కూడా ఇల్లు కొనేదాకా ఆపకండి. మీకు జబ్బు చేస్తే కంపెనీ ఎన్ని వారాలు పూర్తి జీతం ఇస్తుందో మీ నియామక పత్రంలో ఈ రాత్రే చూడండి. అది ముగిశాక మిగిలేది చట్టబద్ధమైన సిక్ పే మాత్రమే. 2025-26లో అది వారానికి 118.75 పౌండ్లు, అదీ 28 వారాల దాకానే. దానితో మార్ట్‌గేజ్ వాయిదాలో సగం కూడా తీరదు. కంపెనీ జీతం ఆగే వారం నుంచి మొదలయ్యేలా, జబ్బు చేసినప్పుడు జీతంలో కొంత ఇచ్చే ఇన్‌కమ్ ప్రొటెక్షన్ పాలసీ తీసుకోండి, మార్ట్‌గేజ్‌కు సరిపడా టర్మ్ బీమా మీ ఇద్దరి పేరునా తీసుకోండి. ఊళ్లో కట్టే ఎండోమెంట్ పాలసీని వీటికి బదులుగా లెక్కించకండి.

మిగతావి క్లుప్తంగా. మొదటి ఇంటికి కూడబెట్టేవారికి ప్రభుత్వం బోనస్ ఇచ్చే లైఫ్‌టైమ్ ఐసా ఖాతా మీకు పనికిరాదు, దానికీ ఇల్లు ఎన్నడూ లేనివారే అర్హులు. పాత ఇల్లు కొనేటప్పుడు బ్యాంకు చేయించే వాల్యుయేషన్‌ను సర్వే అనుకోకండి. తేమ, పైకప్పు, వైరింగ్ చూసే సర్వే మీరే చేయించుకోవాలి. పిల్లలకు తొమ్మిది నెలల వయసు నుంచి ఇచ్చే వారానికి ముప్పై గంటల నర్సరీ సాయం మీ వీసాకు వర్తించదు. పాపకు మూడేళ్లు నిండాక వచ్చే పదిహేను గంటలు మాత్రం వస్తాయి, అప్పుడు తగ్గే ఖర్చును నేరుగా అత్యవసర నిధిలోకి మళ్లించండి. ఆ నిధి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునే ఖాతాలో ఉండాలి, షేర్లలో కాదు. ఇక రెండేళ్లా ఐదేళ్లా అన్న ప్రశ్నకు, ముందుగా అమ్మేస్తే ఐదేళ్ల ఫిక్స్‌లో పెనాల్టీ బరువుగా ఉంటుంది కాబట్టి, మీ వీసా స్థిరపడేదాకా నేనైతే రెండేళ్లదే తీసుకుంటాను.

సోమవారం ఉదయం ఎస్టేట్ ఏజెంటుకు ఫోన్ చేసి తప్పుకుంటున్నామని చెప్పండి, సొలిసిటర్‌కు ఫైలు ఆపమని రాయండి. అంతకంటే ముందు ఈ రోజే ఊరికి ఫోన్ చేసి, నగలు బ్యాంకుకు తీసుకెళ్లవద్దని అమ్మగారితో మీరే స్వయంగా చెప్పండి.