రీ: మూర్ఖుడికి జవాబివ్వాలా వద్దా, బైబిల్లో సామెతల గ్రంథం 26వ అధ్యాయం

తికమక ఎక్కడంటే 4వ వచనాన్నీ 5వ వచనాన్నీ మీరు రెండు వేర్వేరు రూల్స్ లా చదువుతున్నారు. జవాబివ్వొద్దని ఒకటి, ఇవ్వమని ఇంకొకటి, చర్చి సంఘం గ్రూపులో మీ బావగారు రోజూ గిల్లుతుంటే ఏది పాటించాలి అన్నారు కదా, రెండూనూ.

అందరూ వదిలేసేది వచనంలో రెండో సగం. 4లో కారణం, ఇస్తే నువ్వూ వాడిలాగే అయిపోతావని, అంటే చూసుకోవాల్సింది మిమ్మల్ని. 5లో, ఇవ్వకపోతే వాడు తనే జ్ఞానినని అనుకుంటాడని, అక్కడ చూడాల్సింది ఆయన్ని. పాతకాలం యూదు రబ్బీలు (మతగురువులు) కూడా దీనిమీద బుర్రలు బద్దలు కొట్టుకుని, ధర్మశాస్త్రం (తోరా) సంగతైతే జవాబివ్వు, లోక సంగతైతే వదిలెయ్ అన్నారు.

మా గుణుపురంలో (ఒడిశా) ఓసారి చందా లెక్కలమీద ఒకాయన రాత్రి పదకొండుకి వాయిస్ పెడితే నేను అదే ఊపులో నాలుగు పెట్టేసా, పొద్దున్న వింటే కదా, రెండోదాంట్లో నా గొంతు అచ్చం ఆయన గొంతే.

1. ఆయన పెట్టింది చివరిదాకా వినండి, వినకుండా జవాబివ్వడమే మూర్ఖత్వం అని సామెతలు 18:13లో ఉంది.
2. టైప్ చేసి పంపకండి, కాసేపాగి చదవండి. ఆయన రాసినట్టే ఉంటే డిలీట్.
3. ఆయన మాట నమ్మి ఇంకొకరు దారి తప్పేలా ఉంటేనే ఒక్క లైను, మెత్తగా (15:1). వెటకారం అసలొద్దు, గ్రూపులో ఒడియా వాళ్ళుంటే మన వెటకారం వాళ్ళకి నిజంమాటలా తగుల్తుంది.
4. మళ్ళీ గిల్లితే గ్రూపులో కాదు, ఇంటికెళ్ళి మాట్లాడండి, ఎంతైనా బావగారు.