అరుగు ముందు పదకొండు మంది

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన కథా, దాంతోపాటు ఫోటో స్కాన్ కాపీ అందాయి. కథ రెండుసార్లు చదివాను. ఫోటో మాత్రం నాలుగు రోజులుగా నా బల్ల మీదే ఉంది. పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చూస్తున్నాను. నిజం చెప్పాలంటే నీ కథలో కన్నా ఆ ఫోటోలోనే ఎక్కువ కథ ఉంది. బాధపడకు. నీకు రాయడం వచ్చు, అందులో నాకు అనుమానం లేదు. చూడకముందే రాసేశావు, అంతే.

"అమ్మమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది, ఎవరో ఏ ఊరో ఎవరికీ తెలీదు, అందుకే ఊహించాను" అన్నావు. ఎంతమందిని అడిగాక ఎవరికీ తెలీదని తేల్చుకున్నావు?

ఫోటో వెనక పెన్సిల్‌తో "విజయ - మాఘం" అని ఉంది. నువ్వు దాన్ని ఆడపిల్ల పేరనుకుని కథలో కూతురికి విజయ అని పెట్టేశావు. అది సంవత్సరం పేరు, తల్లీ. విజయ నామ సంవత్సరం, మాఘ మాసం. అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి 1893-94 కావచ్చు, 1953-54 కావచ్చు, 2013-14 కావచ్చు. ఎడమ చివర కుర్రాడు నిక్కరు, పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాడు. అరుగుకి సైకిల్ ఆనించి ఉంది. కాబట్టి మధ్యది. విజయలో మాఘం అంటే 1954 ఫిబ్రవరి ప్రాంతం. రెండు మాటలు సరిగ్గా చదివితే ఇంత దొరికింది.

ఇప్పుడు నీ కథలోని ఒక వాక్యం దగ్గర ఆగుతాను. "కుర్చీలో కూర్చున్న ఆవిడ కళ్ళలో చెప్పలేని దిగులు" అన్నావు. ఫోటో పెద్దది చేసి చూడు. ఆవిడొక్కర్తే కాదు, పదకొండు మందీ కనుబొమలు ముడిచే ఉన్నారు. వాళ్ళ నీడలు వెనక్కి, ఇంటి వైపు పడ్డాయి, కాస్త మన కుడిచేతి వైపుకి ఒరిగి. ఎండ తిన్నగా మొహాన కొడుతోందన్నమాట. ఆవిడకి దిగులుందో లేదో మనకి తెలీదు, ఎండ ఉందని మాత్రం తెలుసు. తెలిసినదాన్ని వదిలేసి తెలియనిదాన్ని రాశావు.

ఆ నీడ ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఫిబ్రవరిలో మన వైపు సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు. ఇల్లు తూర్పు ముఖమై పొద్దున పూట తీస్తే నీడలు ఇలాగే కుడికి ఒరుగుతాయి. దక్షిణ ముఖమై మధ్యాహ్నం దాటాక తీసినా ఇలాగే ఉంటాయి. రెండింట్లో ఏది? కుడివైపు గుమ్మం పక్కన ముగ్గు చూడు, ఒక్క గీత చెరగలేదు. రోజల్లా మనుషులు తొక్కిన వాకిలి అలా ఉండదు. కాబట్టి పొద్దున్నే తీసిన ఫోటో, తూర్పు ముఖం ఇల్లు అని నా నమ్మకం. నెగటివ్ తిరగేసి ప్రింట్ చేస్తే ఈ లెక్కంతా తలకిందులవుతుంది కాబట్టి అదీ చూశాను. సైకిల్ గొలుసు ఎప్పుడూ కుడిపక్కే ఉంటుంది. ఇక్కడ హ్యాండిల్ మన కుడికి ఉంది, చైన్ కవరు మనకి కనపడుతోంది. ప్రింట్ సరిగ్గానే ఉంది. పైట చూసి తేల్చకు. కుడి పైట వేసుకునేవాళ్ళు మనలో ఉన్నారు.

ఇక గోడ. కిటికీకి జానెడు కింద, గోడ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే మట్టంలో చార ఉంది చూశావా? మొదట ప్రింట్ మీద మరక అనుకున్నాను. కానీ చార మనుషుల వెనక నుంచి పోతోంది, స్తంభాల మీద కూడా అదే ఎత్తులో ఉంది. నీళ్ళు నిలిచిన గుర్తు అది. 1953 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా వైపు పెద్దవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. సంక్రాంతికి సున్నం కొట్టినా వరద చెమ్మ చార మళ్ళీ బయటికొస్తుంది. మీ అమ్మమ్మ పుట్టిల్లు గోదావరి లంకల్లో అని నువ్వే ఒకసారి అన్నావు. ఇది రుజువు కాదు. కానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పింది.

నాకింత పట్టింపు ఎందుకో చెబుతాను. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో మా ఇంటి పాత ఫోటో ఒకటి పట్టుకుని ఒక వారపత్రికకి వ్యాసం రాశాను. అందులో ఒక చివర చంటిబిడ్డని ఎత్తుకుని ఒకావిడ ఉంది. మిగతా ఆడవాళ్ళందరి మెళ్ళో కాసులపేరో గొలుసో ఉంటే ఆవిడ మెడ బోసిగా కనిపించింది. పనిమనిషి అని రాసేశాను. పైగా ఆవిడ మీద జాలి పడుతూ ఒక పేరా! పదిహేను రోజులకి, నేనెప్పుడూ చూడని ఒక పెద్దావిడ బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వరసకి నాకు మేనత్త. పత్రిక మడిచి సంచీలో పెట్టుకుని తెచ్చింది. "నువ్వు పనిమనిషి అన్నది మా అమ్మని నాయనా. మా నాన్న జబ్బుకని నాన్తాడు తాకట్టు పెట్టింది. మెళ్ళో పసుపుతాడు ఉంది చూడు, ఆ ఎత్తుకున్న బిడ్డని నేనే" అంది. భూతద్దం పెట్టి చూస్తే పసుపుతాడు కనిపించింది. ముందే చూసి ఉండొచ్చు. ఆవిడ ఒక్క మాట కూడా కోపంగా అనలేదు. మా ఆవిడ మజ్జిగ ఇస్తే తాగి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వారం సవరణ వేయించాను కానీ, వ్యాసం చదివినవాళ్ళందరూ సవరణ చదవరు కదా.

అందుకే పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు "ఈయన తాతయ్యే కదా?" అని అడగొద్దు. మనం అంటే వాళ్ళూ ఔననేస్తారు. ఫోటో చేతిలో పెట్టి ఊరుకో. మొహాలు గుర్తుపట్టకపోతే వస్తువుల గురించి అడుగు: ఆ సైకిల్ ఎవరిది, ఆ అరుగు మీద ఎవరు పడుకునేవాళ్ళు, నుయ్యి ఎటు ఉండేది. ఇద్దర్ని ఒకేసారి కూర్చోబెట్టకు, ఒకరి మాట ఇంకొకరి జ్ఞాపకమైపోతుంది. వాళ్ళు చెప్పిన వరస వాళ్ళ నోటి మాటగానే రాసుకో, ఎవరు అన్నారో పక్కన వేసుకో. "మావయ్య" అంటే మేనమామ కావచ్చు, మామగారు కావచ్చు, మేనత్త భర్త కావచ్చు. మేనరికాలున్న ఇంట్లో మేనమామే మామగారు కూడా అవుతాడు. తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి ఒకే పేరు తరం విడిచి తరం కనిపిస్తుంది. దత్తత వెళ్ళినవాడికి ఇంటిపేరే మారిపోతుంది. అత్తారింట్లో పేరు మార్చిన కోడళ్ళుంటారు. పేరు దొరకగానే మనిషి దొరికాడనుకుని సంబరపడకు.

ఇల్లు ఇప్పటికీ ఉంటుందని ఆశ పెట్టుకోకు. పైకప్పు మంగళూరు పెంకు, ముందు ఆరు స్తంభాలు, లోపల మండువా ఉందనిపిస్తోంది. అలాంటి ఇళ్ళు చాలావరకు పడగొట్టేశారు, టేకు దూలాలు అమ్మేశారు. కానీ ఇల్లు పోయినా దస్తావేజు ఉంటుంది. అందులో నాలుగు హద్దులూ రాస్తారు. మనం తూర్పు ముఖం అనుకున్నాం కాబట్టి ఆ ఇంటి తూర్పు హద్దు వీధి అయ్యుండాలి. ఉత్తరం, దక్షిణం హద్దుల్లో పక్కింటివాళ్ళ పేర్లుంటాయి. వాళ్ళ మనవలు ఆ ఊళ్ళో ఇంకా ఉండొచ్చు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం, కంప్యూటర్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతిరాత పుస్తకాల్లో వెతికించుకోవాలి. మనుషుల పేర్లతో ఒక ఇండెక్స్, ఆస్తితో ఒక ఇండెక్స్ ఉంటాయి. ఇంటిపేరూ ఊరూ తెలిశాకే వెళ్ళు, లేకపోతే రోజంతా పోతుంది.

ఒరిజినల్ ఫోటోని మాత్రం అట్ట నుంచి ఊడదీయకు. అంచుల్లో వెండిలా మెరుస్తోందని గుడ్డతో తుడవకు. వెనక వైపు కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పట్టుకుని చూడు. పెన్సిల్ గీత చెరిగిపోయినా నొక్కు మిగిలి ఉంటుంది. "మాఘం" తర్వాత ఇంకో మాట ఉన్నట్టు నాకు అనిపిస్తోంది, స్కాన్‌లో తేలడం లేదు.

ఇంకొకటి. అందరూ పదకొండు మందినే లెక్కపెడతారు, నువ్వూ అంతే రాశావు. ద్వారబంధం ఎడమ పక్క, నడుము ఎత్తులో, నాలుగు వేళ్ళు కనిపిస్తున్నాయి. గాజు కూడా ఉంది. లోపల నిలబడి ఎవరో చూస్తున్నారు. ఫోటోలోకి రమ్మని పిలవలేదో, పిలిచినా రాలేదో. ఎంత వెతికినా ఆ చేయి ఎవరిదో తెలియకపోవచ్చు. తెలియకపోతే కథలో కూడా ఆ చేయిని చేయిగానే ఉంచు, పేరు పెట్టకు, దిగులు పెట్టకు. నాలుగు వేళ్ళు, ఒక గాజు, అంతే రాయి.

వచ్చే ఆదివారం మీ పెద్దమ్మమ్మ దగ్గరికి వెళ్తున్నానన్నావు కదా. ఆవిడకి చూపు ఆనడం లేదన్నావు. పెద్ద ప్రింట్ వేయించుకుని వెళ్ళు, ఆ గుమ్మం భాగం విడిగా ఇంకోటి వేయించు. ముందు పెద్ద ఫోటో ఇవ్వు. తర్వాత గుమ్మం. ఆవిడ ఏమందో, ఏ మాటల్లో అందో, అలాగే రాసి నాకు పంపు.

ఉంటాను,
మీ మాస్టారు