చేతికి ఫిట్‌నెస్ బ్యాండ్ కొనమంటారా?

ప్రశ్న: మా వారికి అరవై ఏళ్లు. చాలాకాలంగా షుగరు, బీపీ ఉన్నాయి. రెండింటికీ మాత్రలు వాడుతున్నారు. డాక్టరు గారు రోజూ నడవమన్నారు గానీ, రెండు రోజులు నడిస్తే నాలుగు రోజులు మానేస్తున్నారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఖరీదైన స్మార్ట్‌వాచీ పంపుతానంటున్నాడు. ఇక్కడ దుకాణంలో అడిగితే, రెండున్నర వేల రూపాయల వాచీయే బీపీ, షుగరు, ఆక్సిజన్ అన్నీ చూపిస్తుందంటున్నారు. ఏది కొనమంటారు? అసలు కొనడమే దండగా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు షుగరు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. సూది గుచ్చకుండా, చర్మం లోపలికి ఏదీ పోకుండా, చేతి గడియారంతోనో ఉంగరంతోనో రక్తంలోని చక్కెరను కొలిచే పరికరం దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని, అటువంటి వాటిని వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. దుకాణంలో చూపించే ఆ అంకెను నమ్మి మాత్ర మానేసినా, ఇన్సులిన్ మోతాదు పెంచినా ప్రాణం మీదికి వచ్చే అవకాశం ఉంది. జబ్బకు అంటించుకునే సెన్సార్ల మాట వేరు. వాటికి ఉండే సన్నని తీగ చర్మం కిందికి వెళ్లి, అక్కడి ద్రవంలోని చక్కెరను కొలుస్తుంది. అవి వైద్య పరికరాలే, వాటిని డాక్టరు సలహాతో వాడతారు. మీ ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే దాన్ని మాత్రం మూలన పడేయకండి.

బీపీ విషయంలోనూ చౌక వాచీ చూపే అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. పేరున్న కంపెనీల వాచీలు కొన్ని బీపీ చూపుతాయి గానీ, వాటికీ షరతులు ఉన్నాయి. శాంసంగ్ వాచీనే తీసుకుంటే, పట్టీ చుట్టి గాలి నింపే మామూలు బీపీ మిషనుతో ప్రతి 28 రోజులకు ఒకసారి దాన్ని సరిచేసుకోవాలని ఆ కంపెనీయే చెబుతుంది. అంటే, ఆ వాచీ కొన్నా ఇంట్లో మిషను ఉండవలసిందే. అందుకే నా మాట వింటే, మీ దగ్గర ఒక్క వస్తువుకే డబ్బుంటే, జబ్బకు పట్టీ చుట్టే బీపీ మిషను ముందు కొనండి. బ్యాండు సంగతి ఆ తరువాత చూడవచ్చు.

ఇక బ్యాండు నిజంగా చేయగలిగిన పని ఏమిటో చెబుతాను. దాన్ని తిప్పి చూస్తే వెనక వైపు ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటుంటాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టు దగ్గరి నాళాల్లోకి రక్తం ఎక్కువగా వస్తుంది కనుక, తిరిగి వచ్చే కాంతి ఆ క్షణంలో కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి నాడి వేగం ఎంతో చెబుతుంది. బ్యాండు వదులై గాజులతోపాటు కిందికీ పైకీ జారుతున్నా, మణికట్టు మీద ముదురు పచ్చబొట్టు ఉన్నా లెక్క తప్పవచ్చు. నడిచేటప్పుడు మణికట్టు ఎముకకు వేలెడు పైన, జారకుండా పెట్టుకోవాలి. అడుగుల లెక్క మరో చిన్న సెన్సారు పని. అది చేతి కదలికను బట్టి అడుగును ఊహిస్తుందే తప్ప కాలును చూడదు. రెండు చేతులా కూరగాయల సంచులు పట్టుకొని నడిస్తే కొన్ని అడుగులు లెక్కకు రాకపోవచ్చు. గతుకుల రోడ్డు మీద స్కూటరు నడిపితే వేయని అడుగులు కలవవచ్చు. అయినా నిన్నటికీ ఇవాళ్టికీ, ఈ వారానికీ పోయిన వారానికీ తేడా తెలుసుకోవడానికి ఆ లెక్క బాగానే సరిపోతుంది.

మీ వారికి పనికివచ్చేది ఆ తేడాయే. నడక మానేసిన రోజున ‘నిన్న నడిచాను కదా’ అని మనసు సర్దిచెప్పుకుంటుంది. వారం మొత్తం అంకెలు కళ్లెదుట ఉంటే అలా సర్దిచెప్పుకోవడం కష్టం. మొదటి వారం ఏ లక్ష్యమూ పెట్టుకోకుండా ఊరికే కట్టుకోమనండి. రోజుకు సగటున మూడు వేల అడుగులు వస్తే, తరువాతి వారం మూడున్నర వేలు, ఆపై నాలుగు వేలు, ఇలా పెంచుకుంటూ పోవచ్చు. సగటున 72 ఏళ్ల వయసున్న అమెరికన్ మహిళల మీద జరిగిన ఒక పెద్ద పరిశీలన 2019లో వెలువడింది. రోజుకు 2,700 అడుగుల దగ్గర ఆగిపోయినవారి కంటే 4,400 అడుగులు నడిచినవారిలో మరణాలు స్పష్టంగా తక్కువగా ఉన్నాయని, సుమారు 7,500 అడుగులు దాటాక అదనపు మేలు పెద్దగా కనిపించలేదని అందులో తేలింది. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువ నడిచి ఉండవచ్చన్న అనుమానం ఇటువంటి పరిశీలనల్లో ఎప్పుడూ ఉంటుంది. అయినా, తక్కువ నడిచేవారు ఇంకొంచెం నడవడం వల్ల వచ్చే మేలే పెద్దదన్న విషయం మీ వారికి ధైర్యాన్నివ్వాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేను. బీపీ మాత్రల్లో ఎటెనోలాల్, మెటోప్రొలాల్ వంటివి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. చాలా బ్యాండ్లు 220లోంచి వయసును తీసివేసి, దాన్ని బట్టి గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో నిర్ణయిస్తాయి. ఆ మాత్ర వాడే మనిషికి ఆ లెక్క వర్తించదు. అంకె చేరలేదని ఆయాసపడుతూ పరుగెత్తకూడదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. రెండవది పాదాల సంగతి. ఎన్నో ఏళ్లుగా షుగరు ఉన్నవారికి అరికాళ్లలో స్పర్శ తగ్గి, బొబ్బ లేచినా తెలియకపోవచ్చు. అడుగులు పెంచే ముందు మెత్తని, సరైన కొలత బూట్లు కొనిపెట్టి, రోజూ రాత్రి పాదాలను, వేళ్ల సందులను చూడండి.

మీ అబ్బాయి పంపుతానన్న ఖరీదైన వాచీ కేవలం అడుగుల కోసమైతే అక్కరలేదు. మనిషి పడిపోతే గుర్తించి ఇంటివారికి కబురు చేసే సౌకర్యం అందులో ఉండి, మీ వారు తెల్లవారుజామున ఒంటరిగా నడిచేవారైతే, అప్పుడు ఆ ఖర్చుకు అర్థముంది. లేదంటే మొదటి నెల జేబులోని ఫోనుతోనే అడుగులు లెక్కపెట్టుకోనివ్వండి. ఆ అంకె చూసుకోవాలన్న ఆసక్తి నెల తరువాత కూడా మిగిలితే, తెలిసిన కంపెనీ బ్యాండు రెండు మూడు వేలలో దొరుకుతుంది.

ప్రశ్న: నా వయసు ముప్పై రెండు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బరువు తగ్గడానికి బ్యాండు కట్టుకొని రోజూ పదివేల అడుగులు నడుస్తున్నాను. వ్యాయామంలో రోజుకు 450 కేలరీలు ఖర్చయినట్లు చూపిస్తోంది, అయినా కిలో కూడా తగ్గలేదు. లోపం నాలో ఉందా, బ్యాండులో ఉందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ 450ను పక్కన పెట్టండి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఏడు రకాల పరికరాలను 60 మందికి కట్టి పరీక్షించారు. గుండె వేగాన్ని ఆరు పరికరాలు 5 శాతంలోపు తేడాతోనే చెప్పాయి గానీ, కేలరీల దగ్గర ఒక్కటీ నిలబడలేదు. అన్నింటిలోకీ మెరుగైనది సగటున 27 శాతం, అన్నింటికంటే అధ్వానమైనది 93 శాతం తప్పు చెప్పాయి. పరికరాలు అప్పటికంటే మెరుగై ఉండవచ్చు, కానీ చిక్కు ఎక్కడుందో అక్కడే ఉంది. బ్యాండుకు తెలిసేది మీ ఎత్తు, బరువు, వయసు, నాడి, కదలిక మాత్రమే. మీ ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది దానికి తెలియదు కనుక ఊహించి చెబుతుంది.

ఇంకో ప్రయోగం మీ పరిస్థితికి మరీ దగ్గరగా ఉంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారు బరువు తగ్గాలనుకున్న 471 మంది యువతీయువకులను రెండేళ్లపాటు గమనించి 2016లో ఫలితాలు వెల్లడించారు. అందరికీ ఆహార, వ్యాయామ సలహాలు అందాయి. కొందరికి అదనంగా ఒంటికి కట్టుకునే పరికరం ఇచ్చారు. చివరికి పరికరం లేనివారు సగటున 5.9 కిలోలు తగ్గితే, పరికరం ఉన్నవారు 3.5 కిలోలే తగ్గారు. ఎందుకలా జరిగిందో ఆ ప్రయోగం తేల్చలేదు. నాకు తోచేది ఇది: ‘ఇంత ఖర్చు చేశాను కదా’ అన్న అంకె కళ్లెదుట ఉన్నప్పుడు, సాయంత్రం నాలుగు మిరపకాయ బజ్జీలు తినడానికి అనుమతి దొరికినట్లవుతుంది. మీరు అలా చేస్తున్నారని అనను. ఒక పది రోజులు బ్యాండులో కేలరీల పేజీ చూడకుండా, తిన్నవన్నీ, టీలో వేసుకున్న చక్కెరతో సహా, ఒక పుస్తకంలో రాసుకొని చూడండి.

పదివేల అడుగులకు కూడా బెంగపడనక్కరలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడు, 1965లో, జపాను కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని ‘పదివేల అడుగుల మీటరు’ అన్న పేరుతో అమ్మింది. ఆ అంకె అలా జనంలోకి వచ్చిందే తప్ప వైద్యులు కొలిచి నిర్ణయించినది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దానితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలం ఇచ్చే వ్యాయామం. ఈ రెండో భాగాన్ని మనవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, పూర్తిగా వదిలేస్తున్నారు. నడకలో రెండు రోజులు తగ్గించి గుంజీలు, గోడకు చేతులు ఆన్చి చేసే దండీలతో మొదలుపెట్టండి. బ్యాండును మీరు వాడుకోవలసింది గంటకోసారి కుర్చీలోంచి లేవమని గుర్తుచేయడానికి. మీ ఉద్యోగానికి దాని అసలు ఉపయోగం అదే.

ప్రశ్న: గుండె లయ సరిగా లేదని నా వాచీ రెండుసార్లు హెచ్చరించింది. నాకు ఏ బాధా లేదు. పట్టించుకోవాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పట్టించుకోవాలి, హడలిపోనక్కరలేదు. ఆపిల్ వాచీతో అమెరికాలో నాలుగు లక్షల మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో ఇటువంటి హెచ్చరిక వచ్చినవారు 0.52 శాతమే, వారిలోనూ ఆ తరువాత ఒంటికి ఈసీజీ పట్టీ అంటించి చూసినప్పుడు అందరికీ లయ దోషం కనబడలేదు. అయితే నిజంగా ఆ దోషం ఉంటే గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారితీయవచ్చు కనుక, ఈ వారంలోనే వైద్యుడి దగ్గర ఈసీజీ తీయించుకోండి. మీ వాచీలో ఈసీజీ తీసే వీలుంటే, హెచ్చరిక వచ్చిన వెంటనే తీసి, ఫోనులో భద్రపరచి వైద్యుడికి చూపండి. ఆసుపత్రికి వెళ్లేసరికి లయ మామూలైపోవడం సాధారణమే. ఒక్కటి మాత్రం మరచిపోవద్దు. గుండెపోటును ఈ వాచీలు గుర్తించలేవు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే, వాచీ అంతా సవ్యంగా ఉందని చూపిస్తున్నా సరే, దాన్ని చూస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోను చేయండి.